మేష్టారికి రెండు రాత్రుల బస

మా ఇంట్లో నేను "ఏవండీ" అని పిలిస్తే ఇద్దరు వచ్చేవారు. ఒకరు మా ఆయన, ఇంకొకరు మేష్టారు. ఎక్కువసార్లు మేష్టారే ముందు వచ్చేవారు. మా ఆయనకి పిలుపు వినిపించినా కాసేపు వినిపించనట్టు ఉండే అలవాటు. మేష్టారికి ఆ గుణం లేదు.

మేష్టారంటే మా కుక్క.

మా ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసి పెట్టమని మా చెల్లెలు అడుగుతూనే ఉంది. పుట్టింది ఎప్పుడు, చదివింది ఎక్కడ అని మొదలుపెడితే అర పేజీలో ఆగిపోయాను. ఇంతమంది మొహాలు ఫోటోలు తీసిన మనిషి, తనకంటూ చెప్పుకోడానికి పెద్ద సంఘటనలేమీ జరగనివ్వలేదు. ఉన్నవాటిలో పెద్దది, మేమిద్దరం రెండు రాత్రులు సముద్రం దగ్గర గడిపి రావడం. దానికంటే పెద్దది, ఆ రెండు రాత్రులూ మేష్టారిని ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడం. అందుకని అదే రాస్తున్నాను.

మా ఆయన పాస్‌పోర్టు సైజు ఫోటోల మనిషి. పెళ్ళిళ్ళకి వెళ్ళేవారు కాదు. "పెళ్ళిలో ఎవరూ ఒక్కచోట నిలబడరోయ్, వాళ్ళ వెనక పరిగెత్తడం నా వల్ల కాదు" అనేవారు. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక తెర. స్టూడియోలో తెల్ల పరదా ఒకటి, నీలం పరదా ఒకటి, గొడుగులు తగిలించిన రెండు లైట్లు, ఎత్తు తగ్గించి పెంచుకునే స్టూలు. గోడ అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. మేకుకి ఒక నల్లకోటు. కోటు లేకుండా వచ్చినవాళ్ళు అది తొడుక్కునేవారు. లావు మనిషికి బొత్తాలు పెట్టకుండా, సన్న మనిషికి వెనక క్లిప్పు పెట్టి, ఆ ఒక్క కోటుతోనే అందరినీ గడిపేశారు. ఫోటోలు కత్తిరించి చిన్న కవర్లలో వేయడం నా పని.

స్టూలు ఎక్కిన ప్రతి మనిషికీ ఆయన చెప్పేది అయిదే మాటలు. రండి. కూర్చోండి. ఇటు చూడండి. కదలకండి. ఫ్లాష్ వెలిగాక, అయిపోయిందండి. ఆఫీసరు వచ్చినా అవే, ఆఫీసరు డ్రైవరు వచ్చినా అవే. ఆరు నెలల పిల్లాడిని తల్లి ఎత్తుకుని కూర్చుంటే వాడితో కూడా "కదలకండి బాబూ" అనేవారు. నోరు ఒకసారి నువ్వుకి అలవాటు పడితే ఏదో ఒక రోజు కస్టమరు ముందు జారుతుందని ఆయన భయం.

ఈ మర్యాదంతా నా దగ్గర మాత్రం చెల్లేది కాదు. నాకు "ఏమోయ్", "నువ్వు".

"పోస్టు తెచ్చే అబ్బాయికి అండి, పాలు పోసే అమ్మాయికి అండి, చివరికి కుక్కకి కూడా అండి. కట్టుకున్నదానికి ఏమోయ్" అని దెప్పేదాన్ని.

"నువ్వు నా కస్టమరువి కాదు కదోయ్" అనేవారు.

మేష్టారు మా ఇంటికి ఒక జడివాన మధ్యాహ్నం వచ్చారు. అరచెయ్యంత పిల్ల. ఒళ్ళంతా నలుపు, కళ్ళ మీద రెండు తెల్ల కనుబొమలు. తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చి, లైటు వేడి తగిలేలా స్టూలు కాళ్ళ మధ్య కూర్చుని, కెమెరా వైపు నిలదీస్తున్నట్టు చూశారు. మా ఆయన కెమెరా వెనక నుంచే, "ఏం మేష్టారూ, పాస్‌పోర్టు సైజా, పోస్టుకార్డు సైజా" అని అడిగారు. అంతే, పేరు పెట్టడం అయిపోయింది. మేష్టారన్నాక రా అని ఎవరంటారు. ఆ రోజు నుంచీ "మేష్టారూ రండి", "మేష్టారూ తినండి", "మేష్టారూ, మీరు కాస్త పక్కకి జరిగితే నేను ఊడ్చుకుంటాను". నాకూ అదే అలవాటైంది.

పెరిగి పెద్దయ్యాక కూడా ఆయన చోటు స్టూలు పక్కనే. కస్టమరుకి "కూర్చోండి" అంటే మేష్టారూ కూర్చునేవారు. "ఇటు చూడండి" అంటే గడ్డం పైకెత్తేవారు. "కదలకండి" అంటే ఊపిరి తీస్తున్నారో లేదో తెలిసేది కాదు. "అయిపోయిందండి" అన్నాక ఒళ్ళు విదిలించుకుని తన గోనెపట్టా మీదికి వెళ్ళిపోయేవారు. ఏడ్చే పిల్లలు ఆయన్ని చూసి ఏడుపు మానేవారు. ఒకసారి ఒకాయన దరఖాస్తు తిరిగొచ్చింది, ఫోటో కింది మూలన ఒక నల్ల చెవి ఉందని. అది ఎవరిదో రాసి ఇమ్మన్నారట.

ఇక సముద్రం సంగతి. సముద్రం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే, వాటి మీదెక్కి దాన్ని చూడొచ్చు. చూడ్డం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పెళ్ళైన కొత్తలో అడిగితే "ఇప్పుడు స్కూళ్ళలో చేర్చుకునే సీజనోయ్" అన్నారు. తర్వాత అడిగితే పరీక్షల దరఖాస్తుల సీజను. ఆ తర్వాత ఉద్యోగాల దరఖాస్తులది. మేష్టారు వచ్చాక మా ఆయనకి సీజన్లతో పని లేకుండా పోయింది. "మేష్టారిని ఎవరు చూస్తారు" అనేవారు, ఆ మాటతో ఇరవై ఎనిమిదో ఏడు కూడా గడిచింది.

అప్పుడు మా చెల్లెలు వాళ్ళు సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నారు. మేడ మీద గది ఖాళీగా ఉంది, రెండు రాత్రులు ఉండి వెళ్ళండి అని రాసింది. కింద ఇంకో వాక్యం: కుక్క వెంట్రుక ఇంట్లో ఎగిరినా మా మరిది సాయంత్రం దాకా తుమ్ముతాడు.

ఆసారి నేను గొడవ పెట్టలేదు. "సరే, మీరు మేష్టారిని చూసుకోండి. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను" అన్నాను.

ఆయన ఫోటో కత్తిరిస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూశారు. అలకలు, దెప్పుళ్ళు ఆయనకి కొత్త కాదు. ఈ నిదానం కొత్త. మర్నాడు రెండు టికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"కానీ ఒక్క మాటోయ్. మేష్టారిని ఉంచడానికి నా మనసుకి నచ్చిన చోటు దొరికితేనే."

చేతిలో మూడు వారాలున్నాయి. చోటు దొరికితే సముద్రం, లేకపోతే లేదు.

ముందు పక్క షాపు గడియారాల ఆయన్ని అడిగాం. గడియారాలు బాగుచేసేవాడు, మాకు పాతికేళ్ళ స్నేహితుడు. "మేష్టారంటే నాకు చాలా గౌరవం అండి" అన్నాడు. "కాకపోతే దూరం నుంచి." ఆయనకి కుక్కలంటే హడలు. పాపం, పరిహారంగా తన పాత కారులో తిప్పుతానన్నాడు. మేష్టారు వెనక సీట్లో నా పక్కన కూర్చుంటే, ఆయన ముందద్దానికి ముక్కు ఆనించి నడిపేవాడు.

మొదటి చోటు పెద్ద అద్దాల మేడ. కుక్కల హోటలు. ప్రతి గదిలో చిన్న మంచం, గోడకి టీవీ. టీవీలో ఉడతలు పరిగెడుతున్నాయి. బల్ల వెనక అమ్మాయి చక్కగా నవ్వి, "బాబు వయసెంత అంకుల్" అంది.

"మాకు బాబు లేడమ్మా" అన్నారు మా ఆయన.

"అదే అంకుల్, ఈ బాబు." మేష్టారిని చూపించింది.

"వీరా, మేష్టారు. తొమ్మిదేళ్ళు."

ఆ అమ్మాయి దరఖాస్తులో ఏం రాసుకుందో తెలియదు. గదులన్నీ చూపించింది. ఎక్కడా కిటికీ లేదు. మా ఆయన ప్రతి గదిలోనూ అరచెయ్యి చాపి, తిప్పి తిప్పి చూసుకున్నారు. అది ఆయన అలవాటు. వెలుతురు ఎలాంటిదో ఆయనకి అరచేతి మీద పడితే గాని తెలియదు.

"రాత్రి ఇక్కడ ఎవరు పడుకుంటారమ్మా?"

"ఎవరూ ఉండరంకుల్. గది గదికీ కెమెరా ఉంది. మీరు ఫోన్లో ఎప్పుడైనా చూసుకోవచ్చు."

"కెమెరా సంగతి నాకు తెలుసు తల్లీ. ముప్పై ఏళ్ళుగా దాని వెనకే నిలబడ్డాను. అది చూస్తుంది, అంతే. దుప్పటి కప్పదు."

అలా అది పోయింది. కారులో గడియారాల ఆయన మాత్రం, "ఆ టీవీ మా ఇంట్లో దానికంటే పెద్దదండి" అని దారంతా బాధపడ్డాడు.

రెండోది ఊరి బయట, ముళ్ళకంచె వేసిన పెద్ద మైదానం. నడిపే మనిషి మెడలో ఈల, చేతిలో చిన్న కర్ర. పది పన్నెండు కుక్కలు ఆయన ఈల వేస్తే వరసగా కూర్చుంటున్నాయి, ఇంకో ఈలకి లేస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంది. నేను లోలోపల సముద్రం సర్దుకోవడం మొదలుపెట్టాను.

"రాత్రి ఇక్కడ ఎవరు పడుకుంటారండీ?"

"ఎవరూ అక్కర్లేదు. గంట కొడితే పడుకుంటాయి, గంట కొడితే లేస్తాయి. ముందు మీ కుక్కని పరీక్షించాలి. క్రమశిక్షణ లేనిదాన్ని నేను తీసుకోను" అని మేష్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "సిట్."

మేష్టారు ఆయన బూట్ల వైపు మర్యాదగా చూశారు.

"ఇంగ్లీషు రాదా? కూర్చో. ఏయ్, కూర్చో."

మేష్టారు వెనక్కి తిరిగి, ఎవరితో అంటున్నాడా అని చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ ముందుకి తిరిగారు.

"చెవుడా?"

"మా అబ్బాయీ అంతేనండి, ఏ భాషలో చెప్పినా" అన్నాడు గడియారాల ఆయన, కారు కిటికీ వేలెడంత మాత్రం దించి.

ఈల మనిషి తల అడ్డంగా ఊపాడు. మేష్టారు పరీక్ష తప్పారు. మా ఆయన మొహం ఎర్రబడింది. కారు దగ్గరికి వచ్చి, "కూర్చోండి మేష్టారూ" అన్నారు. మేష్టారు ఎక్కి, చక్కగా కూర్చున్నారు.

"చూశావటోయ్. అన్నీ తెలుసు. ఆ మనిషి నచ్చక ఊరుకున్నారు."

నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు. తొమ్మిదేళ్ళు రోజూ వాడుతున్న మాట చెవికి వినపడటం మానేస్తుంది కాబోలు.

మూడో చోటు గడియారాల ఆయనే చెప్పాడు. ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి మానేసిన నర్సు ఒకావిడ తన గోడ గడియారం బాగుకి తెచ్చింది. ఇంటి దగ్గర నాలుగైదు కుక్కల్ని ఉంచుకుంటుందట, ఊరెళ్ళేవాళ్ళవి. అందరూ నర్సక్క అంటారు. వెళ్ళేసరికి నడుముకి పమిట దోపి నేల కడుగుతోంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"అక్కడే నిలబడు తమ్ముడూ, తడి. టీకాల కార్డు తెచ్చావా?"

మేము అడగాల్సినవి ఆవిడే అడిగింది. ఏం తింటాడు, ఎన్నింటికి తింటాడు. ఉరుములంటే భయమా. ఎవరైనా తన గిన్నె ముట్టుకుంటే గుర్రుమంటాడా. ఎప్పుడైనా జబ్బు చేసిందా, చూసిన డాక్టరెవరు. ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు. ఆఖరిదానికి మా ఆయన దగ్గర వెంటనే జవాబుంది, "ఎడం పక్కకండి" అన్నారు. నేను ఏ పక్కకి తిరిగి పడుకుంటానో ఆయన్ని అడిగి ఉంటే తేలేది.

ఇల్లు ఏమంత గొప్పగా లేదు. ఫినాయిలు వాసన. జారకుండా గరుకు సిమెంటు నేల, పాత దుప్పట్లు ఉతికి మడిచి పెట్టినవి. మధ్యలో పొడుగాటి నడవ, అటు రెండు ఇటు రెండు గదులు, వాటికి నడుమెత్తు చెక్క తలుపులు. నడవ మధ్యలో ఒక మడత మంచం.

"రాత్రి ఇక్కడ..." అని మొదలుపెట్టారు మా ఆయన.

"ఆ మంచం ఎవరిదనుకున్నావు? రాత్రి ఎవరు మూలిగినా నాకు తెలియాలి. వార్డులో అలవాటు."

ఆయన గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర అరచెయ్యి చాపారు. చాలాసేపు చూసుకున్నారు. "వెలుతురు మెత్తగా ఉందోయ్" అన్నారు. నాకు ఆ క్షణాన సముద్రం చప్పుడు వినిపించింది.

నర్సక్క అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ముందు ఒక్క రాత్రి ఉంచి చూడండి. వాడికి నేను పడాలి, నాకు వాడు పడాలి. మీ వాసనున్న బట్ట ఒకటి తీసుకురా, ఉతకనిది" అంది. మా ఆయన స్టూడియోలోంచి నల్లకోటు పట్టుకెళ్ళారు. "దీనికి ఊళ్ళో సగం మంది వాసన ఉందండి. మేష్టారికి ఇల్లంటే అదే" అన్నారు. ప్రయాణం ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం మేష్టారినీ, కోటునీ దింపి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే ఫోను. ఆయన వింటుంటే మొహం చూసి నాకు అర్థమైపోయింది. స్పీకరు పెట్టారు.

"జ్వరం లేదు తమ్ముడూ, ముక్కు తడిగానే ఉంది. కానీ గిన్నె ముందు పెడితే కూర్చుని దాన్నే చూస్తున్నాడు, ముట్టడు. రా అంటే రాడు, తిను అంటే తినడు, పడుకో అంటే పడుకోడు. ఎంత ముద్దుగా చెప్పినా నా వెనకాల ఎవరున్నారా అని చూస్తాడు. బెంగ పెట్టుకున్నాడు. ఒకసారి చెవులు కూడా డాక్టరుకి చూపించు."

ఫోను పెట్టేసి ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ స్టూలు మీద ఆయన్ని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"టికెట్లు వెనక్కి ఇచ్చేద్దామోయ్."

 సంచీలో ముందే సర్దిపెట్టుకున్న బట్టలు తీసి బీరువాలో పెట్టి వచ్చాను. అన్నీ పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. కావాలనే నిదానంగా పెట్టాను, ఆయనకి చప్పుడు వినపడాలని.

ఇద్దరం నర్సక్క ఇంటికి వెళ్ళాం. మేష్టారు నడవ చివర, నల్లకోటు పక్కన కూర్చుని ఉన్నారు. ముందు గిన్నెలో గుడ్డు కలిపిన అన్నం అలాగే ఉంది. మా ఆయన గేటు దగ్గర నుంచే, "రండి మేష్టారూ" అన్నారు.

పరిగెత్తుకొచ్చారు.

"ఏమీ తినలేదటగా. తినండి."

వెనక్కి తిరిగి వెళ్ళి, గిన్నె ఖాళీ చేసి, గిన్నెని నడవ పొడుగునా నాక్కుంటూ తోసుకొచ్చారు.

అప్పుడు వెలిగింది నాకు. వీరిద్దరి మర్యాదల మీద అన్నేళ్ళు కుళ్ళుకున్నదాన్ని, నాకు కాక ఇంకెవరికి వెలుగుతుంది. అక్కడే మెట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నర్సక్క కంగారు పడింది.

"ఏమైంది అమ్మాయ్?"

"నర్సక్కా, నువ్వు ఈయన్ని ఏమని పిలిచావు?"

"ఏమని పిలుస్తారు? రారా కన్నా అన్నాను. తిను నాన్నా అన్నాను."

"పుట్టి బుద్ధెరిగాక ఈయన్ని ఎవరూ రా అనలేదు. అది తనని అన్నది కాదనుకుంటారు."

నర్సక్క నడుం మీద చేతులు పెట్టుకుని మేష్టారి వైపు తిరిగింది. "కూర్చో" అంది. మేష్టారు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ గొంతు సవరించుకుంది. "కూర్చోండి." మేష్టారు కూర్చున్నారు.

"ఓరి నీ. చెవుడు కాదు, పొగరు."

"పొగరు కాదండి, అలవాటు" అన్నారు మా ఆయన. ఈల మనిషి దగ్గర పరీక్ష ఎందుకు తప్పారో ఆయనకి అప్పుడే తెలిసి, మొహం విప్పారింది.

"తమ్ముడూ, ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో పెద్ద డాక్టరుని తప్ప నేను ఎవర్నీ మీరు అనలేదు. మా ఆయన్నీ అనలేదు. ఇప్పుడు నీ కుక్కని అనాలా?"

"మీకు కష్టమైతే వద్దులెండి."

"కష్టమని నేనన్నానా? నోరు తిరగాలి, అంతే. రండి. రండి నాయనా. నాయనా అనొచ్చా?"

"మేష్టారూ అంటే చాలండి."

ఆయన జేబులోంచి ఫోటోలు వేసే కవరు ఒకటి తీసి, దాని మీద అయిదు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి, మడత మంచం పైన గోడకి అంటించారు. వారం తర్వాత మేష్టారిని దింపి, మేము బస్సెక్కాం. బట్టలు మళ్ళీ సర్దడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

సముద్రం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. పుస్తకాల్లో రాసినవాళ్ళు దాని చప్పుడు గురించి రాశారు గాని, ఆ చప్పుడు ఒక్క నిమిషమైనా ఆగదని ఎవరూ నాకు గట్టిగా చెప్పలేదు. మొదటి సాయంత్రం ఎండ ఇంకా దిగకముందే ఒడ్డున కూర్చున్నాం. ఆయన చెప్పులు పక్కన పెట్టుకున్నారు, కాళ్ళకి ఇసుక అంటుకుంటే మాటిమాటికీ దులుపుకుంటున్నారు. అప్పుడు ఫోను మోగింది.

"తమ్ముడూ, నేనే. అన్నీ అండి అనే అంటున్నాను. తిన్నారు, బయటికి వెళ్ళొచ్చారు. బాగానే ఉన్నారు. కానీ గంట నుంచి విగ్రహంలా కూర్చుండిపోయారు. తోక కూడా ఆడట్లేదు. నాకు భయమేస్తోంది."

"అంతకు ముందు మీరేమన్నారు?"

"బురద కాళ్ళతో వచ్చారు. తుడుద్దామని కదలకండి అన్నాను."

"తర్వాతండి?"

"తర్వాతేముంది, తుడిచాను."

"అయిపోయిందని చెప్పారా?"

అవతల మడత మంచం కిర్రుమంది.

"చీటీలో అయిదోదండి."

"కళ్ళద్దాలు పెట్టుకోలేదు తమ్ముడూ. నాలుగే అనుకున్నాను."

"ఫోను ఆయన చెవి దగ్గర పెట్టండి." మా ఆయన లేచి నిలబడ్డారు. అలల చప్పుడు మించేలా గట్టిగా, "అయిపోయిందండి మేష్టారూ. లేవండి" అన్నారు. అటుగా పోతున్న ఒక పెద్దాయన ఆగి మా వైపు చూశాడు. ఫోనులోంచి చెవులు పటపటా విదిలించిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే నర్సక్క, "హమ్మయ్య. వెళ్ళి పడుకున్నారు. ఎడం పక్కకే" అంది.

ఆయన కూర్చుని కాసేపు ఇసుక దులుపుకోవడం కూడా మరిచిపోయారు. "గంటసేపోయ్" అన్నారు. "ఎవరో ఒకరు చెప్తారని గంటసేపు."

మర్నాడు పొద్దున, నీళ్ళలో చీలమండల దాకా దిగి నిలబడ్డాను. ఆయన ఒడ్డున కెమెరా తీశారు. ముందు వెలుతురుకి అరచెయ్యి చాపి చూసుకున్నారు. తర్వాత కెమెరా కంటికి ఆనించి, అలవాటు చొప్పున నోటికొచ్చింది అనేశారు.

"ఇటు చూడండి. కదలకండి."

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన అండి. నేను కదల్లేదు. మీట నొక్కిన చప్పుడు అలల్లో వినపడలేదు. ఆయన కెమెరా దించేశారు, కానీ ఏమీ అనకుండా అలా చూస్తున్నారు. నా కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది.

"అయిపోయిందా?" అన్నాను.

ఆయన నవ్వారు గాని చెప్పలేదు.

"అయిపోయిందండీ అనండి. పడిపోతున్నాను."

"చెప్పనోయ్. గంటసేపు నిలబడు, మేష్టారు కూర్చోలేదూ" అన్నారు. నేను చేత్తో నీళ్ళు తోశాను. కెమెరా తడవకుండా వెనక్కి గెంతారు. ఆ గెంతడంలో వేలు తగిలి ఇంకో ఫోటో పడింది. అందులో నేను సగం కదిలిపోయి, నోరు తెరుచుకుని, ఏదో తిడుతున్నాను.

కదిలిన ఫోటోని జన్మలో ఎవరికీ ఇవ్వని మనిషి, దాన్ని పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చినవాళ్ళు "ఎవరండీ ఈవిడ, కదిలిపోయారు" అంటే, "చెప్తే వినరండి" అనేవారు. నాకు ఆయన మళ్ళీ మర్యాద ఇచ్చింది వాళ్ళతో అలా చెప్పినప్పుడే. ఇంట్లో మళ్ళీ ఏమోయే.

ఆ బీరువా ఇప్పటికీ అలాగే ఉంది. రెండు నెలలుగా స్టూడియో నేనే తెరుస్తున్నాను. కెమెరా వెనక నిలబడి "రండి, కూర్చోండి" అంటే కస్టమరు కంటే ముందు మేష్టారు వచ్చి స్టూలు పక్కన కూర్చుంటారు. పన్నెండేళ్ళు నిండాయి, తెల్ల కనుబొమలకి తోడు గడ్డం కూడా తెల్లబడింది. మొదట్లో ఫ్లాష్ వెలిగాక నాకు ఆఖరి మాట నోటికి వచ్చేది కాదు. మేష్టారు అలాగే ఉండిపోయేవారు, కస్టమరు కూడా అలాగే ఉండిపోయేవాడు. ఇప్పుడు వస్తోంది.

మా చెల్లెలు మళ్ళీ రమ్మంటోంది. వచ్చే వారం వెళ్తున్నాను, రెండు రాత్రులు. మేష్టారికి చోటు వెతకాల్సిన పని లేదు. నిన్న నర్సక్కకి ఫోను చేస్తే వెంటనే ఎత్తింది.

"ఎప్పుడు దింపుతున్నారండీ?" అంది.

"నన్నెందుకు నర్సక్కా మీరు అంటున్నావు?"

"ఏం చెయ్యమంటావమ్మాయ్. మీ మేష్టారు పుణ్యమా అని కుక్కలన్నిటికీ అండి అనడం మొదలుపెట్టాను. ఒకరిని అండి అని ఇంకొకరిని రా అంటే మొహాలు మాడుస్తున్నారు. ఇప్పుడు నోరు వెనక్కి తిరగట్లేదు. నిన్న చెత్త తీసుకెళ్ళే ఆయన ఆలస్యంగా వస్తే తిడదామని బయటికి వెళ్ళాను. అండి అంటూ ఎలా తిట్టేది? మంచినీళ్ళిచ్చి పంపించాను."

నల్లకోటు మరిచిపోవద్దంది. మేకు మీంచి తీసి, ఉతక్కుండా, సంచీలో పెట్టాను.